దెయ్యం కథకు రెండో భాగం



ఈనాటి ప్రసంగ విషయం విని మీలో కొందరు నవ్వుకోవచ్చు. బడిలో పాఠాలు చెప్పుకునేవారికి దెయ్యాల కథలతో ఏం పని అని అడగవచ్చు. పని ఉందనే నా మనవి. నేను ఉండేది బెంగుళూరుకు ఆగ్నేయంగా ఉన్న బెళ్ళందూరులో. ఒకప్పుడు చెరువూ పొలాలూ ఉన్న పల్లె అది. ఇప్పుడు కంప్యూటరు కంపెనీల మేడల మధ్య ఇరుక్కుపోయిన పేట. నా తరగతిలో కన్నడం పిల్లలు, తెలుగు పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. నేను రెండు భాషల్లోనూ పాఠం చెబుతాను. ఆ పిల్లల మధ్య తరచూ ఒక వాదం నడుస్తుంది. ఫలానా భయానక వీడియో గేములో మొదటి భాగం కథ గొప్పదా, రెండో భాగం కథ గొప్పదా అని. పెద్దవాళ్ళు సినిమాల గురించి ఇదే వాదం పెట్టుకుంటారు. వస్తువు వేరు, ప్రశ్న ఒకటే.

ఇది పొద్దుపోని వాదమని నేను అనుకోను. మొదటి కథ విని మనం ఏం గ్రహించామో రెండో కథ బయటపెడుతుంది. దెయ్యాల కథల్లో ఆ గ్రహింపు ఎంత ముఖ్యమో ప్రసంగం ముగిసేలోగా మీకే తెలుస్తుంది.

ముందుగా మనకు తెలిసిన కథనే తీసుకుందాం. భేతాళ కథలు వినని తెలుగువారు అరుదు. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. శవంలోని భేతాళుడు ఒక కథ చెప్పి, ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు వినగానే తిరిగి చెట్టెక్కుతాడు. 25 కథలు. శవం అదే, చెట్టు అదే, శ్మశానం అదే. అయినా విసుగు పుట్టదు. ఎందుకంటే ప్రతిసారీ ప్రశ్న కొత్తది. భేతాళుడు రెండోసారి వచ్చి ఇంకా గట్టిగా అరిచి, ఇంకా ఎత్తుకు ఎగిరి ఊరుకుని ఉంటే ఆ కథలు ఇన్ని తరాలు నిలిచేవి కావు. ఏ కథ రెండో భాగాన్నయినా ఈ కొలతతో కొలవవచ్చు. దెయ్యం బలం పెరిగిందా అన్నది అనవసరం. ప్రశ్న పెరిగిందా?

ఇప్పుడు పిల్లలు చెప్పుకునే ఆటల్లో ఒకదాన్ని చూద్దాం. దాని పేరు సైలెంట్ హిల్. జపానుకు చెందిన కొనామి సంస్థ 1999లో దాన్ని విడుదల చేసింది. అమెరికాలో ఒక చెరువు ఒడ్డున, ఎప్పుడూ మంచు కప్పుకుని ఉండే చిన్న ఊరి కథ. హ్యారీ మేసన్ అనే తండ్రి తన పెంపుడు కూతురు షెరిల్‌తో ఆ ఊరికి బయలుదేరుతాడు. దారిలో కారు ప్రమాదం జరుగుతుంది. స్పృహ వచ్చేసరికి పాప ఉండదు. ఆ పాపను వెతుక్కుంటూ మంచులో తిరగడమే ఆట. ఆ ఊళ్ళో ఒక మూఢ మతశాఖ ఉంది. తమ దేవతను భూమి మీదికి రప్పించడానికి ఆ శాఖవాళ్ళు అలెస్సా అనే బాలికను మంటలకు అప్పగించారు. అందుకు పూనుకున్నది కన్నతల్లే. ఆ పిల్ల బాధే ఊరంతటినీ పీడకలగా మార్చేసింది. కథ మంచిదే. అయితే ఇందులో చెడు బయట ఉంది. హ్యారీ నిర్దోషి. పోరాటం అవతలివాళ్ళతో.

రెండు సంవత్సరాల తరువాత, 2001లో రెండో భాగం వచ్చింది. వ్యాపారం చేసేవాళ్ళకు తోచే మొదటి ఆలోచన ఏమిటి? అదే హ్యారీ, అదే మతశాఖ, ఇంకా పెద్ద భూతం. దాన్ని తయారుచేసినవారు ఆ దారి పట్టలేదు. పాత్రలన్నిటినీ పక్కన పెట్టి ఊరిని మాత్రం ఉంచుకున్నారు. జేమ్స్ సండర్లాండ్ అనే మనిషికి భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది. మనకు ఇష్టమైన ఆ ఊళ్ళో నీకోసం ఎదురుచూస్తున్నాను అని దాని సారాంశం. కాని మేరీ జబ్బుచేసి మూడేళ్ళ కిందటే పోయిందని జేమ్స్ అంటాడు. అతను ఊరికి వెళతాడు. వికృతాకారాలు ఎదురవుతాయి. చివరికి తేలేదేమిటంటే, మంచంపట్టిన భార్యను ముఖం మీద దిండు అదిమి చంపింది జేమ్సే. ఆ నిజాన్ని మనసు అడుక్కు తొక్కేశాడు. అతనికి ఎదురైన భూతాలు అతని నేరభావం నుంచి పుట్టినవే.

ఇందులో నాకు ముఖ్యంగా తోచిన విషయం ఒకటి చెబుతాను. ఆ ఊళ్ళోనే లారా అనే చిన్నపాప నిర్భయంగా తిరుగుతూ ఉంటుంది. ఆ పాపకు ఏ భూతమూ ఎదురుకాదు. ఏంజెలా అనే యువతి ఇంట్లో హింస అనుభవించిన పిల్ల. ఆమెకు అదే ఊరు మంటల్లో కనిపిస్తుంది. ఊరు ఒక్కటే. ఎవరి భయం వారిది. మొదటి భాగం మనల్ని ఈ చెడ్డవాళ్ళెవరు అని అడిగింది. రెండో భాగం నీ మనసులో ఏం దాచావు అని అడిగింది. అందుకే ఇన్నేళ్ళయినా దాన్ని తలుచుకుంటారు. 2024లో దాన్ని కొత్త హంగులతో మళ్ళీ తయారుచేశారు కూడా. తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఆట 17 ఏళ్ళు నిండినవారికని అమెరికా సంస్కరణ పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. అది చూడకుండా పిల్లల చేతికి ఇవ్వకండి.

సరే, అది దూరదేశపు కథ. మన సరిహద్దు జిల్లాలవారికి దగ్గరి కథ ఒకటుంది. అది నాగవల్లి కథ.

1993లో మలయాళంలో ఫాజిల్ దర్శకత్వంలో మణిచిత్రతాళు అనే చిత్రం వచ్చింది. కథ రాసినవారు మధు ముట్టం. పాత బంగళాలో తాళం వేసిన గది. అందులో చనిపోయిన నర్తకి నాగవల్లి వస్తువులు. ఆ గది తలుపు తెరిచిన గంగ అనే కోడలు క్రమంగా తానే నాగవల్లినని నమ్మడం మొదలుపెడుతుంది. ఇంట్లో వింతలు జరుగుతాయి. అనుమానం ఎవరి మీదికి పోతుంది? జాతకదోషం అంటగట్టబడి, సరైన పెళ్ళికి నోచుకోని శ్రీదేవి అనే అమ్మాయి మీదికి. ఇది గమనించండి. మన పల్లెల్లోనూ దెయ్యం పట్టిందనే మాట ముందుగా అంటుకునేది నోరులేని ఆడపిల్లకే. వైద్యుడు వచ్చి తేల్చిన నిజం వేరు. గంగ చిన్నతనంలో తల్లిదండ్రులకు దూరంగా ఒంటరిగా పెరిగిన పిల్ల. ఆమెది మానసిక వ్యాధి. గంగ పాత్రకు శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది.

ఈ కథే 2004లో పి. వాసు దర్శకత్వంలో కన్నడంలో ఆప్తమిత్రగా వచ్చింది. వైద్యుడు విష్ణువర్ధన్, గంగ సౌందర్య. 2005లో అదే దర్శకుడు తమిళంలో రజనీకాంత్, జ్యోతికలతో చంద్రముఖి తీశారు. తెలుగులో మనం చూసింది దాని అనువాదాన్నే. 2007లో హిందీలో ప్రియదర్శన్ భూల్ భులయ్యా తీశారు.

ఇక్కడ రెండు భాషల మధ్య బతికే మనకు మాత్రమే తట్టే విశేషం ఒకటుంది. మలయాళ చిత్రంలో నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన తమిళ నర్తకి. కన్నడ చిత్రంలో ఆమె తెలుగు మనిషి. తమిళ చిత్రంలో చంద్రముఖిదీ తెలుగే. తెలుగు అనువాదంలో ఆమె పాట తమిళమయింది. హిందీలో ఆమె బెంగాలీ మాట్లాడింది. చూశారా? ఏ భాషవాళ్ళు కథ చెప్పినా దెయ్యం పక్కింటి భాషే మాట్లాడింది. మనకు అర్థంకానిదాన్ని మనది కాదని గట్టు అవతలికి తోసేయడం మనుషుల అలవాటు. అయితే ఆ మూలకథ చివరికి ఏం చెప్పింది? ఆ పరాయి గొంతు పరాయిది కాదు, ఈ ఇంటి కోడలిదే అని చెప్పింది. ఆమెను తరిమేయకూడదు, బాగుచేయాలి అని చెప్పింది. దెయ్యం కథ వేషంలో వచ్చి వైద్యం కథ చెప్పి వెళ్ళింది.

లోపం లేదని అనను. వైద్యుడు ఒక్క రాత్రి నాటకం ఆడించి, రాజు బదులు బొమ్మను ఆమె చేతికి అప్పగించి, పగ తీరిందని నమ్మించి రోగం కుదిర్చినట్టు చూపించారు. నిజజీవితంలో మానసిక వ్యాధులు అలా ఒక్క పూటలో తగ్గవు. నెలలూ సంవత్సరాలూ మందులు, మాటల చికిత్స, ఇంటివారి ఓర్పు కావాలి. అయినా దారి మాత్రం సరైనదే. పూజలు చేసే ఆచార్యుడు కూడా అందులో వైద్యుడితో చేయి కలుపుతాడు. అది నాకు మరీ నచ్చిన విషయం.

ఇప్పుడు రెండో భాగం. 2010 ఫిబ్రవరిలో కన్నడంలో ఆప్తరక్షక వచ్చింది. దర్శకుడు పి. వాసుయే. విష్ణువర్ధన్‌కు అది 200వ చిత్రం. అదే సంవత్సరం డిసెంబరులో వెంకటేష్, అనూష్కలతో తెలుగులో నాగవల్లిగా వచ్చింది. నాగవల్లి చిత్రపటం ఒక నాట్యపోటీలో బహుమతిగా ఇంకో ఇంటికి చేరుతుంది. ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. అందులో ఎవరికి ఏమయిందో కనిపెట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది. అనుమానం మళ్ళీ తప్పు పిల్ల మీదికి పోయి, అసలు బాధపడుతున్నది వేరొకరని తేలడం కూడా మొదటి కథ బాటే. కాని కథ అక్కడ ఆగదు. నాగవల్లిని చంపించిన రాజు నూరేళ్ళు దాటినా తాంత్రిక శక్తులతో ఇంకా బతికే ఉన్నాడంటుంది. భారీ సర్పం వస్తుంది. వైద్యుడు కథలో ఉన్నాడు, కాని మంత్రాలు ఆయన కంటే ముందు నడుస్తాయి.

నటన విషయంలో వంక పెట్టను. రాజుగా విష్ణువర్ధన్ నటనను కన్నడిగులు ఈనాటికీ మెచ్చుకుంటారు. చిత్రం బాగా ఆడింది. నా మాట కథ గురించి. మొదటి భాగం ఇది దెయ్యం కాదు, జబ్బు అని చెప్పింది. రెండో భాగం దెయ్యాలూ ఉండవచ్చులే అని ఆ మాటను సగం వెనక్కి తీసుకుంది. సైలెంట్ హిల్ బయటి భూతం నుంచి లోపలి మనసుకు నడిచింది. మన నాగవల్లి లోపలి మనసు నుంచి బయటి భూతానికి నడిచింది. అదే ఎక్కడో రగిలిన భయం, రెండు ఎదురుబొదురు దారులు. హిందీలోనూ 2022లో వచ్చిన రెండో భాగంలో మంజులిక నిజమైన దెయ్యంగానే తిరిగి వచ్చింది.

ఏమండీ, సినిమా సినిమాయే కదా, అంత తర్కం దేనికి అని మీరు అడగవచ్చు. తెర మీద ఆగిపోతే నేనూ ఊరుకునేదాన్ని. ఆగలేదు.

సౌందర్య మన సరిహద్దు బిడ్డ. కోలారు జిల్లా ముళబాగిలు ప్రాంతం ఆమెది. తెలుగులో ఆమె ఎంత పేరు తెచ్చుకున్నారో చెప్పనక్కరలేదు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికి కరీంనగరు వెళ్ళడానికి బెంగుళూరు జక్కూరులో చిన్న విమానం ఎక్కారు. అది ఎగిరిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. ఆప్తమిత్ర విడుదలైంది ఆమె పోయిన తరువాత, ఆగస్టులో. విష్ణువర్ధన్ 2009 డిసెంబరు 30న మైసూరులో గుండెపోటుతో కన్నుమూశారు. ఆప్తరక్షక విడుదలైంది ఆయన పోయిన తరువాత. ఇక మాట పుట్టింది. ఇది నాగవల్లి శాపమని. టీ అంగళ్ళలో, బస్సుల్లో, టీవీల్లో అదే మాట. దెయ్యం లేదని చెప్పడానికి తీసిన కథకే దెయ్యాన్ని అంటగట్టారు. విమానం కూలడానికి, గుండె ఆగడానికి కారణాలు ఉంటాయి. ఆ చిత్రాల్లో నటించిన మిగిలినవారు ఎందరో ఆ తరువాత ఏళ్ళ తరబడి పనిచేశారు. కాని శాపం మాటకు ఉన్న పరుగు కారణానికి ఉండదు. జనం నోళ్ళలో కట్టిన రెండో భాగం కూడా వెనక్కే నడిచింది.

మా బెళ్ళందూరు సంగతి ఒకటి చెబుతాను. 2015 మే నెలలో మా చెరువు మీది నురగకు నిప్పంటుకుంది. 2018 జనవరిలో చెరువులో మళ్ళీ మంటలు లేచి గంటల తరబడి ఆరలేదు. నీళ్ళున్నచోట నిప్పు! పాతకాలమైతే జలపిశాచి అనేవారేమో. పత్రికలు రాసింది వేరు, కోర్టుల్లో నడిచింది వేరు. శుద్ధిచేయకుండా వదిలిన మురుగు, రసాయనాలు, ఎండిన గడ్డి, చెత్త అన్నారు. కారణం వెతికారు. చెరువుకు నిప్పంటుకుంటే కారణం వెతికే మనం, మనిషి మనసుకు నిప్పంటుకుంటే మాత్రం వేపమండలు ఎందుకు వెతుకుతాం?

వెతికితే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తెలిసింది. దర్గా దగ్గర దెయ్యం వదులుతుందని నమ్మి మతిస్థిమితం లేనివారిని బంధువులు తీసుకువచ్చేవారు. అక్కడి ప్రైవేటు ఆశ్రమాల్లో వారిని గొలుసులతో కట్టి ఉంచేవారు. ఒక ఆశ్రమానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులు ఉన్నాయి, పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. నాగవల్లిని మంటల్లో వేసింది కథలోని రాజు. వీరిని గొలుసుల్లో ఉంచింది మనలాంటి మామూలు మనుషుల నమ్మకం. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

దీనికి ఎదురుగా మన సరిహద్దులోనే మంచి కథ ఒకటి జరిగింది. బెంగుళూరు హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ సంస్థ 1974లో ఏర్పడింది. ఆ సంస్థ వైద్యులు 1980లలో బళ్ళారి జిల్లాను ఎంచుకుని ఒక ప్రయత్నం చేశారు. బళ్ళారి అంటే మీకు తెలుసు, తెలుగూ కన్నడమూ కలిసి నడిచే జిల్లా. మానసిక రోగి నగరానికి రానక్కరలేదు, వైద్యమే పల్లెకు వెళ్ళాలి అనేది వారి ఆలోచన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని మామూలు డాక్టర్లకు, ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు ఈ జబ్బుల గుర్తులు, మందులు నేర్పారు. అది ఫలించింది. దాన్నే నమూనాగా తీసుకుని 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టారు. ఇదీ అసలైన రెండో భాగం. మొదటి కథ ఇది జబ్బు అని చెప్పింది. రెండో కథ అయితే మందు నీ ఊరికే తెస్తాం అంది.

మరి గుడికి, దర్గాకు వెళ్ళవద్దా? నేను అలా చెప్పను. మనసుకు ఊరట ఇచ్చేదాన్ని కాదనడానికి నేనెవరిని? గుజరాతులో మీరా దాతార్ దర్గా దగ్గర దువాతో పాటు దవా కూడా అనే పద్ధతి నడిచింది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారిని అక్కడివారే పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపేవారు. ఆప్తమిత్రలో ఆచార్యుడు చేసింది అదే కదా. మన ఊళ్ళలో తాయెత్తు కట్టే పెద్దాయన, పూనకాన్ని చూసే పూజారి ఈ ఒక్క మాట అంటే చాలు: అమ్మా, కుంకుమ పెట్టించుకో, రేపు ఆసుపత్రికి కూడా వెళ్ళు.

మీ ఇంట్లోగాని, వీధిలోగాని ఒక అమ్మాయి ఉన్నట్టుండి గొంతు మార్చి మాట్లాడినా, నిద్రపోకుండా తనలో తాను గొణుక్కుంటున్నా, తిండి మాని మూల కూర్చున్నా గాలి సోకిందని తలుపు మూయకండి. 14416 నెంబరుకు ఫోను చెయ్యండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులు అక్కరలేదు. పగలూ రాత్రీ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు, కన్నడంలోనూ మాట్లాడవచ్చు. పెద్ద ఆసుపత్రే కావాలంటే అనంతపురం, చిత్తూరు, కోలారు వైపువారికి నిమ్హాన్స్ దగ్గర. హైదరాబాదులో ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

ఇక మా పిల్లల వాదం సంగతి. ఏ భాగం గొప్పదని వాళ్ళు నన్ను తీర్పు అడుగుతారు. నేను తీర్పు చెప్పను, రెండు ప్రశ్నలు మాత్రం రాసుకోమంటాను. మొదటి భాగంలో బాధపడినది ఎవరు? రెండో భాగం వారిని ఇంకా మనిషిగానే చూసిందా, లేక భూతంగా మార్చేసిందా? ఆటకైనా, సినిమాకైనా ఆ రెండు ప్రశ్నలు సరిపోతాయి. ఈసారి మీ ఇంట్లో పిల్లలు భయానక కథ ఏదైనా చూస్తున్నప్పుడు పక్కన కూర్చుని మీరూ ఆ రెండూ అడిగి చూడండి. వాళ్ళు చెప్పే జవాబులు వినడానికి బాగుంటాయి.